మందు కొట్టే ముందు... ఓ ఫొటో!

మిరప, పత్తి చేలను ముంచేసే శత్రువు కంటికి ఆననంత చిన్నది. దాన్ని పట్టిచ్చే గాజుముక్క ఖరీదు ఒక్క మందు సీసా అంత కూడా ఉండదు!

మిరప తోటలోకి వెళ్లి ఓ పువ్వు దగ్గర మీ ఫోన్ కెమెరా పెట్టి చూడండి. జానెడు దూరంలో ఉన్నంతసేపూ పువ్వు చక్కగా కనిపిస్తుంది. ఇంకాస్త దగ్గరికి జరిపారా... తెల్లటి మసక ముద్దలా మారిపోతుంది. వేలితో తెర మీద ఎన్నిసార్లు నొక్కినా ఫలితం ఉండదు. ఫోన్ పాతబడిందనో, కెమెరా పాడైందనో అనుకుంటాం. అసలు సంగతి అది కాదు. కెమెరాకు చత్వారం!

నిజమే. నలభై దాటాక మన ఇళ్లల్లో నాన్నలూ బాబాయిలూ పేపరును చేతులు బారచాపి దూరంగా పట్టుకుని చదువుతారు చూడండీ... కెమెరాదీ అదే తంటా. దూరంగా ఉన్నవి బాగానే కనబడతాయి, దగ్గరివి అలుక్కుపోతాయి. నాన్నకు ప్లస్ టూ కళ్లజోడు పెట్టినట్టే కెమెరాకూ ఓ అద్దం తగిలిస్తే సరిపోతుంది. క్లోజప్ లెన్స్ అంటే అంతే. నమ్మకం కుదరకపోతే ఇంట్లో ఉన్న చత్వారం కళ్లజోడును ఫోన్ కెమెరా ముందు పట్టుకుని ఇందాకటి పువ్వునే మళ్లీ చూడండి.

పురుగులూ పూలూ ఫొటోలు తీసే సరదా నాకు ఉద్యోగంలో చేరిన కొత్తల్లోనే అంటుకుంది. అసలుసిసలు మాక్రో లెన్స్ కొనాలంటే వేలకు వేలు పెట్టాలి. ఫీచర్లు రాసుకునేవాడి జీతంలో అది కుదిరే పని కాదు. అందుకే చవకగా దొరికే అద్దాలూ, రింగులూ, ట్యూబులూ ఒక్కోటీ కొని, వాటితో కుస్తీపడుతూ వచ్చాను. ఇదంతా ఆదివారం పూట కాలక్షేపమేగా అనుకునేవాణ్ని. ఆ కాలక్షేపం మా బాబాయి మిరప తోటలో పనికొస్తుందని మాత్రం ఊహించలేదు.

నాలుగు పూలు... ఓ తెల్లకాగితం

మా బాబాయిది అమరావతి పక్కన ఓ ఊరు. కృష్ణ ఒడ్డునే అయినా ఆయన తోట మెట్టన ఉంది. సొంతం ఒకటిన్నర ఎకరం, కౌలుకు మరో రెండెకరాలు. అంతా మిరపే. 2021 చివర్లో నేను వెళ్లేసరికి తోట విరగబూసి ఉంది కానీ పూత నిలవడం లేదు. ఆకులు ముడుచుకుపోతున్నాయి. చెట్ల కింద రాలిన పూలు. కొట్టతను 'నల్లి' అన్నాడట. రెండు వారాల్లో మూడుసార్లు మందు కొట్టారు. సీసా ఖరీదుకు తోడు స్ప్రేయరు అద్దె, కూలి, మోసుకొచ్చిన నీళ్లు. ఇంత చేసినా ముడత తగ్గలేదు, పూత నిలవలేదు.

జేబులోంచి క్లిప్ లెన్స్ తీసి ఫోన్‌కు తగిలిస్తుంటే బాబాయి వింతగా చూశాడు.

"ఏందిరా అబ్బాయ్ అది? కుంకం భరిణె మూతలాగుందే!"

"లెన్సు బాబాయ్. ఫోనుకు కళ్లజోడు."

"ఫోనుకా! ముందు నాకు పెట్టించరా ఆ కళ్లజోడు" అని నవ్వాడు.

నవ్వుతూనే అన్నా, అసలు విషయం ఆ మాటలోనే ఉంది. ఆయనకు అరవై దగ్గరపడుతోంది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ సేద్యమే. మట్టి పట్టుకుని పదును చెప్పగలడు, కాయ విరిచి తేమ చెప్పగలడు. కానీ మిల్లీమీటరు పొడవున్న పురుగు ఆ కళ్లకు ఆనదు. ఆయనకే కాదు, నలభై దాటిన ఏ రైతుకైనా అంతే. చూపు ఆనని చోట పక్కవాడి మాటే ప్రమాణం అవుతుంది. ఆ పక్కవాడు మందులు అమ్ముకునేవాడైతే? ఇక చెప్పేదేముంది!

నోట్‌బుక్‌లోంచి తెల్లకాగితం చింపి నీడలో గట్టు మీద పరిచాం. నాలుగు పూలు కోసి దాని మీద దులిపాం. మామూలు కంటికి ఏదో నలుసు రాలినట్టుంది, అంతే. లెన్స్ పెట్టిన ఫోన్‌లో చూస్తే... సన్నగా, పొడుగ్గా, నల్లగా పురుగులు! గబగబా పాకుతున్నాయి. రెక్కల అంచుల్లో దువ్వెన పళ్లలా వెంట్రుకలు. ఫొటో తీసి తెర మీద పెద్దది చేసి చూపించాను. బాబాయి ఫోన్ తన చేతిలోకి తీసుకుని చాలాసేపు మాట్లాడలేదు.

"అయితే మనం ఇన్నాళ్లూ కొట్టింది దీనికి కాదన్నమాట" అన్నాడు చివరికి.

పై ముడతా... కింద ముడతా?

మిరపలో ఆకు ముడిచిందంటే కారణం ఒక్కటే కాదు. తామర పురుగులు ఆకును గీరి రసం పీల్చేస్తే అంచులు పైకి ముడుచుకుని ఆకు దొప్పలా అవుతుంది. రైతులు 'పై ముడత' అంటారు. తెల్లనల్లి పడితే అంచులు కిందికి తిరుగుతాయి. ఆకు బోర్లించిన పడవలా ఉంటుంది, కాడ సాగుతుంది. అది 'కింద ముడత'. ఇవి రెండూ కాక తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ వల్ల కూడా ఆకులు ముడుచుకుని మొక్క గిడసబారుతుంది.

చూడ్డానికి మూడూ ముడతలే. శత్రువులు మాత్రం వేరువేరు. నల్లి అసలు పురుగు జాతే కాదు. దానికి ఎనిమిది కాళ్లు, సాలీడుకు చుట్టం. అందుకే పురుగుకు కొట్టే చాలా మందులు నల్లిని ఏమీ చేయలేవు. నల్లి మందుల్లో చాలావాటికి తామర పురుగు లొంగదు. పైగా కొన్ని రకాల మందులు నల్లిని తినే మిత్రపురుగుల్ని చంపేసి, నల్లి మరింత పెరిగేలా చేస్తాయి. డబ్బిచ్చి మరీ తెగులు కొనుక్కున్నట్టన్నమాట! వైరస్ సోకిన మొక్కకైతే ఏ మందు కొట్టినా దండగే. దాన్ని పీకేసి, దోమను అదుపు చేయాలి.

2021లో వచ్చింది పాత తామర పురుగు కూడా కాదు. దాని శాస్త్రీయ నామం త్రిప్స్ పార్విస్పైనస్. మన దేశంలో తొలిసారి 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద కనబడినట్టు నమోదైంది. ఆరేళ్లు తిరిగేసరికి గుంటూరు, ప్రకాశం మిరప చేలల్లో దిగింది. పాతది ప్రధానంగా లేత ఆకుల్ని పట్టుకుంటే, ఇది పూలలో గుంపులుగా చేరుతుంది. అందుకే పూత రాలిపోయింది, నిలిచిన పిందె వంకర్లు తిరిగింది. పత్రికల్లో అప్పట్లో 'నల్ల తామర పురుగు' అని రాశాం. పేరు రాయడం వేరు, దాని మొహం చూడటం వేరు.

ఆ ఫొటోలు ఊళ్లోని వ్యవసాయ సహాయకుడి ద్వారా గుంటూరు పక్కనే ఉన్న లాం పరిశోధన కేంద్రానికి చేరాయి. మిరపలో 334 రకం పుట్టిన చోటది. మందుల మోత ఆపి నీలిరంగు జిగురు అట్టలు పెట్టమనీ, వేపనూనె వాడమనీ, వారంలో ఫలానా మందు మాత్రమే కొట్టమనీ సమాచారం వచ్చింది. ఇక్కడో నిజం చెప్పుకోవాలి. ఆ ఏడాది బాబాయి పంట గట్టెక్కలేదు. అప్పటికే ఆలస్యమైపోయింది. చుట్టుపక్కల చాలా తోటల గతీ అంతే. ఫొటో వల్ల మిగిలింది రెండు మూడు మందుల ఖర్చు మాత్రమే. కౌలు రైతుకు అదీ తక్కువేం కాదు.

మరుసటి ఏడాది మాత్రం ఆయన ముందే మేలుకున్నాడు. నారు నాటిన నాటి నుంచీ నాలుగు రోజులకోసారి తోటలో అక్కడో ఆకు, ఇక్కడో పువ్వు కోసి కాగితం మీద దులపడం మొదలుపెట్టాడు. ఫొటోలు తీసే పని ఇంటర్ చదివే మా చెల్లెలిది. ఒకసారి పక్క తోటల వాళ్లంతా తామర పురుగు మందు కొడుతున్నప్పుడు, మా తోటలో ఉన్నది నల్లి అని ముందే తెలిసింది. ఆ ఒక్క మందుతో సరిపెట్టుకున్నారు.

ఇది కొత్త కథేం కాదు

చూడకుండా మందు కొట్టిన ఖరీదు ఏమిటో ఈ నేలకు బాగా తెలుసు. 1980ల మధ్యలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చేల మీద తెల్లదోమ విరుచుకుపడింది. కొత్తగా వచ్చిన సింథటిక్ పైరిథ్రాయిడ్ మందుల్ని ఎడాపెడా కొట్టడమూ దానికో కారణమని శాస్త్రవేత్తలు తేల్చారు. 1987లో శనగపచ్చ పురుగు అవే మందుల్ని తట్టుకుని నిలబడింది. పంటలు పోయి, అప్పులు మిగిలి, ప్రాణాలు తీసుకున్న రైతులున్నారు. అప్పుడు చేతిలో ఫోన్లు లేవు. భూతద్దం శాస్త్రవేత్తల జేబులోనే ఉండేది.

నిజానికి భూతద్దానికీ పత్తికీ పాత చుట్టరికమే ఉంది. పదిహేడో శతాబ్దంలో హాలెండ్‌లోని డెల్ఫ్‌ట్ పట్టణంలో లీవెన్‌హుక్ అనే బట్టల వర్తకుడు ఉండేవాడు. నూలుపోగుల నాణ్యత చూడటానికి ఆ వ్యాపారులు భూతద్దాలు వాడేవారు. ఆయన తనే చిన్నచిన్న అద్దాలు అరగదీసుకుని, నీటిబొట్టులో ఈదే సూక్ష్మజీవుల్ని చూసి ప్రపంచానికి చెప్పాడు. పెద్ద చదువులేం లేవు. ఉన్నదల్లా వేలి గోరు కన్నా చిన్న గాజుపూస, బోలెడంత ఓపిక!

ఏది కొనాలి?

ఇక అసలు సామాను సంగతి. ధరలు అంగడిని బట్టి కాస్త అటూ ఇటూ ఉంటాయి.

ఫోన్ క్లిప్ లెన్స్: బట్టలారేసే క్లిప్పులా ఉంటుంది. రెండొందల నుంచి ఐదొందల్లోపు దొరుకుతుంది. దాని మీద 10ఎక్స్, 15ఎక్స్ అని రాసి ఉంటుంది. 25 సెంటీమీటర్లను ఆ అంకెతో భాగిస్తే ఎంత దగ్గర పెట్టాలో తెలుస్తుంది. అంటే 10ఎక్స్‌కు రెండున్నర సెంటీమీటర్లు. అంకె పెద్దదైతే బొమ్మ పెద్దదవుతుందని ఆశపడి 50ఎక్స్ కొనకండి. అర సెంటీమీటరు దూరంలోకి వెళ్లాలి. ఫోన్ నీడ పడుతుంది, చెయ్యి వణికితే పురుగు తెరలోంచి మాయం! తామర పురుగుకు 10ఎక్స్ చాలు. నల్లి మరీ చిన్నది, మిల్లీమీటరులో ఐదో వంతే. 15ఎక్స్ పెట్టి ఫొటోను పెద్దది చేసుకుంటే కదిలే తెల్లటి చుక్కల్లా కనిపిస్తుంది. ఫోన్‌కు రెండు మూడు కెమెరాలుంటే క్లిప్పును సరిగ్గా ప్రధాన కెమెరా మీదే బిగించాలి. ఈమధ్య కొన్ని ఫోన్లలో మాక్రో సదుపాయం దానంతటదే వస్తోంది. ముందు అది ఉందేమో చూసుకోండి, ఖర్చు తప్పుతుంది.

క్లోజప్ ఫిల్టర్ల సెట్టు: పెద్ద కెమెరా ఉన్నవాళ్లకు. లెన్స్ ముందు మరలా తిప్పి బిగించుకోవచ్చు. ప్లస్ 1, 2, 4, 10... నాలుగూ కలిపి వెయ్యి రూపాయల లోపే వస్తాయి. కళ్లజోడు పవర్ లెక్కే దీనికీనూ. ప్లస్ 4 పెడితే పాతిక సెంటీమీటర్లు, ప్లస్ 10 పెడితే పది సెంటీమీటర్ల దగ్గరికి వెళ్లొచ్చు. రెండు కలిపి పెడితే పవర్లు కలుస్తాయి. ఎక్కువ పవర్‌ది కెమెరా వైపు ఉండాలి. చవకవాటిలో ఒక్కటే గాజు ఉంటుంది కాబట్టి బొమ్మ అంచుల్లో ఊదా రంగు కనిపిస్తుంది, మూలలు మసగ్గా ఉంటాయి. రెండు మూడు గాజులు అతికించి చేసే రకాలు, ఉదాహరణకు ప్లస్ 8 పవరున్న రేనాక్స్ డీసీఆర్-250, చాలా స్పష్టంగా చూపిస్తాయి. కానీ ధర వేలల్లోకి వెళ్తుంది.

రివర్స్ రింగు: ఉన్న లెన్స్‌నే బోర్లా తిప్పి కెమెరాకు బిగించే రింగు. రెండు మూడొందలు ఉంటుంది. చవకలో అన్నిటికన్నా పెద్ద బొమ్మ ఇచ్చేది ఇదే. అయితే ఆటోఫోకస్ పనిచేయదు, లెన్స్ వెనుక భాగం దుమ్ముకు తెరిచి ఉంటుంది. కల్లాల్లో మిరప ఘాటూ దుమ్మూ ఉన్నచోట జాగ్రత్త!

ఎక్స్‌టెన్షన్ ట్యూబులు: కెమెరాకూ లెన్స్‌కూ మధ్య పెట్టే బోలు గొట్టాలు. వీటిలో గాజే ఉండదు. కాబట్టి ఉన్న లెన్స్ నాణ్యత చెడదు. 50 ఎంఎం లెన్స్‌కు 50 ఎంఎం ట్యూబు పెడితే పురుగు ఎంతుందో సెన్సర్ మీద బొమ్మ అంతే పడుతుంది. కాకపోతే వెలుతురు బాగా తగ్గుతుంది. ఐదారొందలకు వచ్చే సాదా గొట్టాలకు కరెంటు కనెక్షన్లు ఉండవు. కొత్తరకం లెన్స్‌లైతే వాటితో అపెర్చర్ మార్చడం కుదరదు. పాతకాలపు మాన్యువల్ లెన్స్ ఉంటే బంగారమే.

ఇంకా లోతుకు వెళ్లాలనుకునే పిల్లలకు ఫోల్డ్‌స్కోప్ ఉంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మన దేశానికి చెందిన మను ప్రకాశ్ బృందం 2014లో ప్రపంచానికి చూపించిన కాగితం మైక్రోస్కోపు అది. అట్టను మడిచి చేసుకోవచ్చు. సైన్స్ ప్రాజెక్టుకు కూడా పనికొస్తుంది.

తీసేటప్పుడు...

లెన్స్ కొనడం సులువే, ఫొటో తీయడంలోనే ఉంది కిటుకు. ఇంత దగ్గరగా వెళ్లినప్పుడు తేటగా కనబడే మందం మిల్లీమీటరో, అంతకన్నా తక్కువో ఉంటుంది. తెర మీద నొక్కుతూ కూర్చోకుండా ఫోన్‌నే వెంట్రుకవాసి ముందుకూ వెనక్కూ జరపాలి. పురుగు తేటపడిన క్షణంలో వరసపెట్టి పది ఫొటోలు తీసుకోవాలి. ఒక్కటి బాగా వస్తే చాలు.

గాలి లేవకముందు, పొద్దున్నే వెళ్లండి. ఆకు ఊగుతుంటే కాడను ఎడమచేతి వేళ్లతో పట్టుకుని, ఫోన్ పట్టుకున్న చేతిని ఆ చేతికే ఆనించండి. రెండూ కలిసి ఊగుతాయి కాబట్టి బొమ్మ చెదరదు. మిట్టమధ్యాహ్నం ఎండలో ఆకు తళతళలాడి పురుగు కనబడదు. ఓ తెల్లకాగితం అడ్డుపెడితే వెలుగు మెత్తబడుతుంది. ఆకు మీది గీరుళ్లూ ముడతలూ స్పష్టంగా రావాలంటే వెలుగు పక్క నుంచి పడాలి. అమరావతి శిల్పాల్ని ఫొటో తీసేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. ఎదుటి నుంచి వెలుగు పడితే రాయి చదునుగా కనిపిస్తుంది. పక్క నుంచి పడితే చెక్కడమంతా లేచి వస్తుంది.

శాస్త్రవేత్తకు పంపాలంటే ఒక్క ఫొటో చాలదు. మొక్క మొత్తం ఒకటి, ఆకు పైనా కిందా చెరొకటి, పురుగు దగ్గరగా ఒకటి. పక్కన పిల్లల జామెట్రీ బాక్సులోని స్కేలు పెడితే పురుగు సైజు తెలుస్తుంది. ఎప్పుడు నాటారు, ఆఖరుగా ఏ మందు కొట్టారు అన్నది కూడా రాయాలి. ఫొటో పంపే వీలు లేకపోతే కిసాన్ కాల్ సెంటర్ 1800 180 1551 ఉండనే ఉంది. అక్కడ తెలుగులోనే మాట్లాడొచ్చు. కళ్లారా చూసినవారు చెప్పే వివరం వేరుగా ఉంటుంది కదా!

శత్రువులే కాదు... చుట్టాలూ ఉన్నారు

బాబాయి వాళ్ల ఫోన్‌లో ఇప్పుడు పురుగుల ఆల్బమే ఉంది. అందులో నాకు బాగా నచ్చిన ఫొటో తామర పురుగుది కాదు. ఆకు మీద వెంట్రుక లాంటి కాడలు లేచి, ఒక్కో కాడ చివర ఒక్కో గుడ్డు. గుండుసూదులు గుచ్చినట్టుంది. 'ఇదేదో కొత్త తెగులు, మందు కొట్టాల్సిందే' అని పక్క పొలం పెద్దాయన కంగారుపడ్డాడు. అవి అల్లిక రెక్కల పురుగు గుడ్లు. వాటిలోంచి వచ్చే పిల్లలు పేనుబంకనూ తామర పురుగుల్నీ తినేస్తాయి. కూలి అడగని పనివాళ్లు!

అక్షింతల పురుగును అందరం గుర్తుపడతాం. ఎర్రగా, గుండ్రంగా, నల్లచుక్కలతో ముద్దుగా ఉంటుంది. దాని పిల్ల మాత్రం చిన్న మొసలిలా, ముళ్లతో భయంకరంగా ఉంటుంది. దాన్ని చూసి ఎంతమంది మందు కొట్టి ఉంటారో! చూడకపోతే శత్రువు తప్పించుకుంటాడు. సగం చూస్తే చుట్టం చచ్చిపోతాడు. సరిగ్గా చూడాలి.

మనలో చాలామందికి ఊళ్లో ఇంకా చేను ఉంది. సొంతానిది కాకపోతే మేనమామదో, పెదనాన్నదో. ఊరెళ్లేటప్పుడు పళ్లూ స్వీట్లూ పట్టుకెళ్తాం. ఈసారి ఆ సంచిలో ఓ క్లిప్ లెన్స్ కూడా వేయండి. ఇంట్లో పదో తరగతి చదివే పిల్లో పిల్లాడో ఉంటే ఎలా వాడాలో పది నిమిషాల్లో నేర్చేసుకుంటారు. పెద్దవాళ్లకు పంట తెలుసు, పిల్లలకు ఫోన్ తెలుసు. ఆ ఇద్దరినీ ఒకే ఆకు దగ్గర కూర్చోబెట్టే వస్తువు మూడొందలకు దొరుకుతోంది. మందు సీసా మూత తీసేలోపు ఓ ఐదు నిమిషాలు... అంతకన్నా అడిగేదేం లేదు!